రెండు కుప్పలు

మిట్టమధ్యాహ్నం ఓవర్సీరు పరంధామయ్య మస్టరులోంచి పదకొండు పేర్లు కొట్టేశాడు. అందరూ చంటిబిడ్డల తల్లులే. ఏర్పేడు దగ్గర కరువుపని రోడ్డుకు కంకర కొడుతున్న వాళ్లకు రేపట్నుంచి పని లేదు. పని లేకపోతే సాయంత్రం జొన్నలూ లేవు. పాలిచ్చే ఆడది సగం పని కూడా చెయ్యదని పరంధామయ్యకు పై అధికారులు చెప్పారు. వాళ్లకు వాళ్ల పైవాళ్లు చెప్పారు.

అక్కమ్మ సుత్తి కింద పెట్టలేదు. "ఎవురు కొలిసి సూసినారు సామీ?" అని అడిగింది.

ఎవరూ చూడలేదు. పని గుమాస్తా కాశిం సాహెబుకు ఆ ప్రశ్న ముల్లులా దిగబడింది. ఓవర్సీరును బతిమాలి పదిరోజులు గడువు తీసుకున్నాడు. ఆ పదకొండుమందినీ ఒక జట్టు చేశాడు. చంకబిడ్డలు లేని పదకొండుమంది ఇంకో జట్టు. ఒకే గుట్ట రాయి, ఒకే రకం సుత్తులు, ఎవరి కుప్ప వాళ్లది. సుత్తి ఎత్తలేని ముసలి పోలేరమ్మ తాటాకు పందిరి కింద బిడ్డల్ని చూసుకుంటూ, ఆకలికి ఏడ్చినదాన్ని తల్లి దగ్గరికి ఎత్తుకెళ్లేది. రోజూ పొద్దుగూకే ముందు కాశిం తానే వంగి కొలతపెట్టెతో కొలిచేవాడు. పదోరోజుకు తల్లుల కంకర నూటపన్నెండు పెట్టెలు తేలింది, రెండో జట్టుది నూటతొమ్మిది.

మర్నాడు ఇంజనీరు కారులో వచ్చి కాశిం రాసిన కాగితం చదివాడు. లెక్క తప్పని అనలేదు. ఇది బయటికి పొక్కితే జిల్లాలో ప్రతి రోడ్డుమీదికీ బిడ్డల తల్లులు వచ్చిపడతారనీ, అందరికీ కొలిచివ్వడానికి జొన్నలు ఎక్కడివనీ పరంధామయ్యను కసిరాడు. కాగితం మడిచి జేబులో వేసుకున్నాడు.

"రెండు కుప్పలూ కలిపేయించు," అన్నాడు.

కాశిం ఏదో చెప్పబోయాడు. ఉద్యోగం ఉండాలా వద్దా అని ఇంజనీరు అడిగేసరికి తల దించుకున్నాడు. పరంధామయ్య తట్టలు తెప్పించి, మొదటిది అక్కమ్మ ముందు పడేశాడు.

అక్కమ్మ బిడ్డను ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకుంది. "కొట్టమంటే కొట్టినాము సామీ. కలపమంటే కలపము. మేము కొట్టింది ఈడనే ఉండాది, నలుగురూ సూడనీ."

పరంధామయ్య తిట్టుకుంటూ రెండో జట్టువైపు తిరిగాడు. ఆ జట్టులో ఎవరి పేరూ కొట్టెయ్యలేదు, ఎవరి జొన్నలకూ మోసం లేదు. తట్టను వాళ్లలో పెద్దదైన నాగులమ్మ చేతికిచ్చాడు.

నాగులమ్మ తట్ట తీసుకుంది. కంకరదాకా నడిచింది. రెండు కుప్పల నడుమ దాన్ని బోర్లించి, దానిమీద కూర్చుంది.