మనోడు చెప్పాడు

సూరన్నకు బెంగాలీలో చదవడం, రాయడం, అబద్ధమాడటం మూడూ బాగా వచ్చు. తెలుగులో అబద్ధమాడాల్సిన అవసరం మాత్రం రేవు పక్క వాట్‌గంజ్‌లో ఆ పాత మేడ ముందు నిలబడేదాకా రాలేదు. వచ్చాక చూసుకుంటే, అందులోనూ ఘటికుడే.

అతను భవనాల తనిఖీ ఇన్‌స్పెక్టరు. ఇల్లు నిలుస్తుందా కూలుతుందా, నిప్పంటుకుంటే లోపలి జనం బయటపడతారా లేదా అన్నది చూసి చెప్పడం ఉద్యోగం. తండ్రి ఖిదిర్‌పూర్ ఓడల డాకులో బస్తాలు మోసి చదివించాడు. కొడుకు పెద్దబాబులుండే సాల్ట్ లేక్‌లో కాపురం పెట్టి, పేరును సూర్యబాబుగా దిద్దుకుని, శ్రీకాకుళం యాసను భార్య హైమ ముందు కూడా మింగేసేవాడు. అవి తొంభైల మొదటి రోజులు. ఎర్రజెండా లేని సందు లేదు, పార్టీ ఆఫీసుకు తెలియకుండా ఇటుక కదలదు.

ఆ మేడ కింది అంతస్తులో ఓడలకు వేసే రంగులు, తారు నిలవచేసే గోడౌను. పైన డాకు కూలీల తెలుగు కుటుంబాలు. ఎక్కడానికీ దిగడానికీ ఒకటే చెక్కమెట్ల దారి, అదీ గోడౌను తలుపు పక్కనుంచే. కింద అంటుకుంటే పైవాళ్లు బయటపడే దారే లేదని సూరన్నకు చూడగానే తెలిసిపోయింది. సీలు వెయ్యాల్సింది గోడౌనుకు. కానీ దాని యజమాని పార్టీ ఆఫీసులో కాలు మీద కాలేసుకుని కూర్చునే మనిషి. అందుకని పై అధికారి లాహిరీబాబు రూలును కాస్త వంచాడు. గోడౌను ఉంటుంది, మనుషులు పోవాలి. 'అగ్ని ప్రమాదం, ఈ ఇంట్లో నివసించరాదు' అని బెంగాలీ బోర్డు కొట్టి, ఆ సంగతి వాళ్లకు చెప్పి రావాలి.

కిందటిసారి వేరే సందులో ఇలాంటి బోర్డు కొట్టబోతే జనం చుట్టుముట్టి లాహిరీబాబును పొద్దుగూకేదాకా కదలనివ్వలేదు. పాపం, ఆయన ఒంటేలుకు కూడా వెళ్లలేకపోయాడు. అందుకే ఈసారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వీధి చివరే ఆగిపోయాడు.

"మీవాళ్లే కదా, నువ్వే చెప్పు. గొడవ కాకుండా చూశావంటే నీ ప్రమోషను సంగతి నేను చూస్తాను" అన్నాడు.

సుత్తి చప్పుడుకు ఆడవాళ్లు దిగొచ్చారు. అందరికన్నా ముందు అమ్మన్నమ్మ. ఖిదిర్‌పూర్ బజారులో చేపలమ్ముకునే మనిషి, సూరన్న తండ్రికి వరసకు చెల్లెలు.

"నువ్వు మా అన్న కొడుకువి కాదేటి? ఎంతోడివయిపోనావురా! ఏటి నాయనా ఈ బోర్డు? మమ్మల్ని ఎల్లగొట్టెత్తారేటి?"

ఆవిడ వెనకే కోడలు రామమ్మ, చంకలో పిల్ల. ఉన్నమాట చెబితే ఏడుపులు, ఆ ఏడుపులకు జనం, జనం వెనక జెండాలు. ప్రమోషను అక్కడికక్కడే నీరుగారిపోతుంది. మింగేసిన యాస ఎక్కడినుంచో తన్నుకొచ్చింది.

"కాదత్తా. మిమ్మల్ని ఎవులూ కదపకూడదని సర్కారు ఏయించిన బోర్డిది."

ఆడవాళ్ల మొహాలు విప్పారాయి. ఒకావిడ పరుగున వెళ్లి పసుపు తెచ్చి బోర్డు నాలుగు మూలలా రాసింది. వీధి చివర లాహిరీబాబు నోరు తెరిచాడు. "ఏం మంత్రం వేశావయ్యా!"

సూరన్న నవ్వాడు. సిగ్గుపడ్డాడని రాయాలని నాకూ ఉంది. కానీ పడలేదు. ఇవాళ గడిచింది, రేపటి తలనొప్పి ఇంకెవడిదో అనుకున్నాడు. ప్రమోషను వచ్చింది. కుర్చీ మారింది.

వానలు వెనకబట్టాక అమ్మన్నమ్మ వెతుక్కుంటూ ఆఫీసుకొచ్చింది.

"టీకొట్టు బెంగాలీ దాదా ఆ బోర్డు సదివినాడు నాయనా. ఇల్లు మంచిది కాదు, ఎల్లిపోండని రాసున్నాదట. అద్దె పుచ్చుకునే ఇంటాయన కూడా అవతల మెటియాబ్రుజ్‌లో ఏరే గదులిత్తాను, పొండంటన్నాడు. మా కూర్మయ్య సామాను కట్టెత్తన్నాడు. నానే ఆపీనాను. మనోడున్నాడు, అడిగొత్తానని సెప్పి వొచ్చినాను."

ఒక్క మాట చాలు. ఎల్లిపోండత్తా, అంటే చాలు. ఆవిడ నాలుగు తిట్లు తిట్టి, వెళ్లి, కొడుకుతోపాటు మూటలు కట్టేది. ఆ సంగతి సూరన్నకు తెలుసు. కానీ ఆ తిట్లు ఈ గదిలోనే తిడుతుంది, పక్క బల్ల దగ్గర లాహిరీబాబు పేపరు చదువుతున్నాడు. కొత్త కుర్చీ ఇంకా వెచ్చబడనేలేదు. ఇంత చిన్న భయానికి అంత పెద్ద పాపం చేశాడు చూడండి, ఛీ!

"టీకొట్టోడు ఇంటాయన మనిషత్తా. ఆడి మాటలినీసి ఎల్లినారో, ఉన్నదీ పోతాది, ఇత్తానన్నదీ రాదు. కదలొద్దు."

"అదే అనుకున్నాను" అని ఆవిడ అతని తల నిమిరింది. "నువ్వు సెప్పినాక ఇంకేటి!" అని వెళ్లిపోయింది. కూర్మయ్య కట్టిన మూటలు విప్పించింది.

దుర్గాపూజ పందిళ్లు వేస్తున్న రోజుల్లో, పట్టపగలు, గోడౌను అంటుకుంది. మొట్టమొదట కాలింది మెట్లే. డాకు నుంచి పరుగెత్తుకొచ్చిన కూర్మయ్య పెళ్లాం కోసం, పిల్ల కోసం ఆ మంటల్లో దూరాడు. ముగ్గురిలో ఒక్కరూ రాలేదు. మిగతా వాటాల్లోనూ చాలామంది పోయారు. అమ్మన్నమ్మ ఆ వేళ బజారులో చేపలు తూస్తోంది. గోడౌను యజమానికి బీమా అందింది.

విచారణకు వేరే శాఖ నుంచి ఒక అధికారి వచ్చాడు. మొహమాటం లేని మనిషి. ఆయన పట్టుకున్నది ఒకటే ప్రశ్న. ప్రమాదం ఉందని ఆ జనానికి తెలిసిన భాషలో చెప్పారా, లేదా? చెప్పకపోతే ఇన్‌స్పెక్టరు జైలుకు పోతాడు. సాక్షి అమ్మన్నమ్మ. దుబాసీ కావాలంటే, ఆఫీసులో తెలుగు వచ్చిన మనిషి ఒక్కడే ఉన్నాడని లాహిరీబాబు వినయంగా మనవి చేశాడు.

"అత్తా, ఆ బోర్డు గురించి నానేటి సెప్పినానో అడుగుతన్నారు" అన్నాడు సూరన్న.

"మమ్మల్ని కదపకూడదన్న బోర్డన్నావు. ఈ ఆపీసుకొచ్చి అడిగినా కదలొద్దన్నావు. నీ మాటట్టుకునే నా కొడుకు మూటలిప్పీసినాను" అంది ఆవిడ.

సూరన్న అధికారి వైపు తిరిగాడు. "ప్రమాదమనీ, ఖాళీ చెయ్యమనీ నేను రెండుసార్లు చెప్పానట సార్. తామే వినలేదట" అన్నాడు చక్కటి బెంగాలీలో.

అమ్మన్నమ్మ అతన్ని కాసేపు చూసింది. తర్వాత అధికారి వైపు తిరిగి, తనే బెంగాలీలో మాట్లాడింది.

అదీ మామూలు బెంగాలీ కాదు. పులస ధర దగ్గర బాబుల నోళ్లు మూయించిన బజారు బెంగాలీ. చదవడం రాదు గాని, మాట ఎప్పుడో వచ్చు. సూరన్నతో తెలుగే మాట్లాడిందంటే సొంత మనిషి అని. ఆవిడకు ఆ ఒక్క భాషే తెలుసనుకున్నాడు ఈ తెలివైనవాడు.

"నిజమే దాదా," అంది అమ్మన్నమ్మ. "వాడు చెప్పాడు. మేమే వినలేదు."

అధికారి కలం మూశాడు.

వసారాలోకి రాగానే సూరన్న ఆవిడ కాళ్లమీద పడ్డాడు. ఆవిడ కాళ్లు వెనక్కి లాక్కుంది.

"లెగు. నీ మీద జాలేసి సెప్పినాననుకున్నావేటి? నువ్వు జైలుకెల్తే నీకు ఆళ్లు కూడెడతారు. నాకెవులెడతారు? నా కొడుకుని తినీసినావు. ఇంక ఆడి జాగాలో నువ్వుండాల. నడు మీ ఇంటికి."

ఇప్పుడు అమ్మన్నమ్మ సాల్ట్ లేక్‌లో, సూరన్న ఇంట్లో, గాలొచ్చే గదిలో ఉంటోంది. దిక్కులేని మనిషిని తెచ్చి పెట్టుకున్నాడని హైమ భర్తను చూసి మురిసిపోతుంది. ఇంటికి ఎవరొచ్చినా అమ్మన్నమ్మ సూరన్నను పిలిచి ఎదురుగా నిలబెట్టి, మొదటినుంచీ చెబుతుంది.

"మావోడు ఎన్నిసార్లు సెప్పినాడో! ఎల్లిపోండత్తా, సచ్చిపోతారని కాళ్లట్టుకున్నాడు. నా కొడుకే ఇన్లేదు. మూర్ఖుడు. పెళ్లాన్ని, పిల్లనీ సేతులారా సంపుకున్నాడు."

చెబుతున్నంతసేపూ ఆవిడ కళ్లలో తడి ఉండదు. చూపు సూరన్న మొహం మీంచి కదలదు. అతను గది దాటిపోబోతే చెప్పడం ఆపేస్తుంది, తిరిగొచ్చేదాకా మళ్లీ ఎత్తుకోదు.

మొన్న భోజనాల దగ్గర హైమ తమ్ముడు ఆ కథ విని, "అంత చెప్పినా వినని మొండివాళ్లు చావక ఏం చేస్తారు?" అన్నాడు.

అమ్మన్నమ్మ ముద్ద కలపడం ఆపింది. "అంతేనా నాయనా? నువ్వూ సెప్పు. తప్పు నా కూర్మయ్యదేనా?"

హైమ, తమ్ముడు, పిల్లలు అందరూ సూరన్న వైపు చూశారు.

"అంతే అత్తా" అన్నాడు సూరన్న. "తప్పు కూర్మయ్యదే."

ఆవిడ తలూపి, తన కంచం అతని ముందుకు జరిపింది. సూరన్న అన్నం వడ్డించాడు.