చెంచాడు గోధుమ

రాత్రంతా తెల్ల దుప్పటి మీద ఆరిన గోధుమను రోసాండా అరచేత్తో ఒకసారి అటు, ఒకసారి ఇటు నెట్టి చూసింది. ఉడికిన గోధుమ తెల్లారేసరికి గింజకు గింజ అంటకుండా రావాలి. వచ్చింది. ఇంటిని కాచే సెయింటు పండగకైతే దాన్ని మరలో వేసి ముద్ద చేస్తుంది గానీ, చనిపోయినవాళ్ల కోసం వండేటప్పుడు గింజలుగానే ఉంచుతుంది. వాళ్లమ్మా అలాగే ఉంచేది. అక్రోటు పప్పు దంచి కలిపింది, పంచదార పొడి కలిపింది, జాజికాయ గీరి వేసింది. కొలుబారా నదికి ఇటువైపు ఎవరింట్లో ఎవరు పోయినా ముప్పై రెండేళ్లుగా ఆమె తలుపే తడతారు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టిగా, గుండ్రటి భుజాలతో, వేడినీళ్లలో నాని నాని ముడతలు పడ్డ వేళ్లతో ఉంటుంది. ఒంటి మీద ఎప్పుడూ వదులు గౌనే, నడివేసవిలో కూడా దానిపైన ఏప్రనే.

చెంచా ముంచి నోటిదాకా తెచ్చి చప్పున ఆపుకుంది. చేతిది అలవాటు, దానికేం తెలుసు? చెంచా గిన్నెలోకి దులిపి, వేలికంటిన పంచదార కూడా నాకకుండా ఏప్రన్‌కి తుడుచుకుంది. రుచి చూడకుండా గిన్నెను గడప దాటించడం ఇదే మొదలు. మూడు రోజులుగా గింజ గానీ, తొక్క గానీ, పప్పు గానీ ముట్టలేదు. ఇవాళ పొద్దుటినుంచి వడగట్టిన కోడి సూపు ఒక కప్పు, చామంతి టీ రెండు కప్పులు, అంతే.

అరలో గోధుమ డబ్బా పక్కన నాలుగు మందు పొట్లాలు దారంతో కట్టి ఉన్నాయి. వాటికో చీటీ: ‘రోసాండా, శుక్రవారం.’ ఏ ఇంటినుంచి ఆర్డరు వచ్చినా పేరూ, రోజూ చీటీ మీద రాసి, సరుకులకు దారంతో కట్టి ఆ అరలో పెట్టడం ఆమె పద్ధతి. ఊళ్లో అందరి పేర్లూ ఎక్కిన ఆ అరలోకి ఆమె పేరు ఎక్కడం మాత్రం కొత్త.

ఐదేళ్ల కిందట ఆమె పేగులో పుట్టిన గడ్డను కోసేసి, మిగిలిన పేగు కొసను పొట్ట మీద ఎడమ పక్కకు తెచ్చి కుట్టారు. అప్పటినుంచి మలం అక్కడ అంటించిన సంచిలోకే వస్తుంది. ఈ ఏడు మార్చిలో రక్తపరీక్ష బాగా రాలేదు. ఆ పొట్ట మీది దారిలోంచే కెమెరా పంపి పేగంతా చూడాలనీ, రోగం మళ్లీ మొలిచి ఉంటే త్వరగా తీసేస్తే బతకవచ్చనీ అన్నారు. త్వరగా అన్నవాళ్లే ఐదు నెలల తర్వాతి తారీఖు ఇచ్చారు. ఆ తారీఖు రేపే. పేగు శుభ్రంగా లేకపోతే డాక్టరు వెనక్కి పంపేస్తాడనీ, మళ్లీ వరస చివర నిలబడాలనీ నర్సు నెవెంకా ఒకటికి రెండుసార్లు చెప్పింది.

సంచి సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. పిత్తాశయంలో రాళ్లు తీశారని చెప్పుకుంది. పొట్టకు మలం సంచి అంటించుకున్న మనిషి చేతి గోధుమ ఎవరు తింటారు? మొగుడు ఏనాడో పోయాడు, పిల్లల్లేరు. ఆ గిన్నె ఒక్కటే ఆమెకు బతుకు.

తెలిసింది ఒక్క యాగొదాకే. ఇద్దరికీ ఒకే వారంలో, పక్కపక్క మంచాల మీద అదే ఆపరేషను జరిగింది. రైల్వే క్యాంటీన్‌లో గిన్నెలు తోమిన మనిషి, నోరు పెద్దది. సంచికి ‘అత్తగారు’ అని పేరు పెట్టింది యాగొదానే. అడక్కుండా మాట్లాడుతుందట, చుట్టాలొచ్చినప్పుడే రాగం తీస్తుందట, వదిలించుకుందామంటే వదలదట. ప్రతి మంగళవారం కాఫీకి వచ్చి కూర్చుంటూనే, “మీ అత్తగారు కులాసానా?” అనేది. “గొణుగుతోంది” అనేది రోసాండా. ఇక ఇద్దరూ కళ్లు తుడుచుకునేదాకా నవ్వేవాళ్లు. ఆ ఐదేళ్లలో రోసాండా నవ్విందంటే ఆ మంగళవారాల్లోనే. స్నేహితురాలి రహస్యాన్ని కన్నకూతురి దగ్గర కూడా విప్పకుండా యాగొదా తనతోపాటే తీసుకుపోయింది.

ఇవాళ యాగొదా నలభయ్యో రోజు కర్మ. మామూలుగా దాన్ని దగ్గరపడే శనివారం చేస్తారు. ఫ్యాక్టరీవాళ్లు శనివారం వదలరని కూతురు తియానా గురువారానికి మార్చుకుంది, ఫాదర్ సరేనన్నాడు. గోధుమ ఇంకొకరి చేత వండించమని రోసాండా అనలేకపోయింది. యాగొదా గోధుమ ఇంకొకరు వండడమా?

పదకొండింటికి సమాధి దగ్గర పదిహేనుమంది దాకా చేరారు. గోధుమ నడుమ గుచ్చిన కొవ్వొత్తి వెలుగుతోంది. ఫాదర్ ప్రార్థన చదివి, పైన శిలువ గుర్తుగా వైను పోశాడు. తియానా గిన్నె అందుకుని నేరుగా రోసాండా దగ్గరికి వచ్చింది.

“ముందు నువ్వు తిను పిన్నీ.”

“మీరు కానివ్వండి తల్లీ. నాకు పొద్దుటినుంచీ ఒంట్లో బాగాలేదు.”

చనిపోయినవాళ్ల గోధుమను ఎవరూ కాదనరు. జ్వరంతో ఉన్నవాళ్లూ కాదనరు. యాగొదా ఆడపడుచు దరింకా కిసుక్కున నవ్వింది.

“వండినావిడే ముట్టకపోతే మేమెలా తినాలమ్మా? ఏం కలిపావేంటి అందులో?”

ఆ మాటలో విషం లేదు, నలుగురూ నవ్వారు. రోసాండాకు మాత్రం అందరి చూపూ తన ఏప్రన్ మీదే ఉన్నట్టనిపించింది. సరిగ్గా అప్పుడే, ఖాళీ పేగులో గాలి తిరిగి, ఏప్రన్ కింద అత్తగారు నిండుగా ఒక రాగం తీసింది.

“అదిగో, కడుపే అడుగుతోంది, ఇంకా మొహమాటమెందుకు?” అంది దరింకా.

యాగొదా ఉంటే ఈ మాటకు పడిపడి నవ్వేది. అది తలుచుకోగానే రోసాండాకు ఏడుపు ఆగలేదు. శిలువ గుర్తు వేసుకుంది. కొసన నాలుగు గింజలు తీసుకుంటే సరిపోయేది. స్నేహితురాలికి నాలుగు గింజలేనా అని చెంచా నిండా తీసుకుంది. నమిలీ నమలకుండా మింగింది. పంచదార సరిగ్గా కుదిరింది.

రెండింటికి ఇంటికొచ్చి పేగు కడిగే మందు మొదలుపెట్టింది. పొట్లానికి లీటరు నీళ్లు. ఉప్పు కలిపిన సబ్బునీళ్లలా ఉంది. ముక్కు మూసుకుని, గ్లాసుకు గ్లాసుకు మధ్య గడియారం చూసుకుంటూ తాగింది. రోజూ పెట్టుకునే చిన్న సంచి తీసేసి, అడుగున మూత ఉన్న పెద్ద సంచి అంటించుకుంది. స్నానాలగదిలో కమోడ్ ముందు చిన్న పీట వేసుకుని కూర్చుని, నిండినప్పుడల్లా మూత తీసి ఒంపింది. నాలుగింటికల్లా చుట్టూ చర్మం మంటెత్తింది. సంచి అంచు తడికి ఊడితే ఇంకొకటి అంటించింది, అదీ ఊడింది. గౌను తడిసింది, చలి పట్టుకుంది. ఆ మంటలో యాగొదాను తిట్టుకుంది, దరింకాను తిట్టుకుంది, చివరికి తనను తాను తిట్టుకుంది. పొద్దుగూకేవేళకు సంచిలో పల్చటి టీ రంగు నీళ్లే దిగాయి. అంటే అంతా కొట్టుకుపోయినట్టే. చెంచాడు గోధుమ ఒక లెక్కా అనుకుని, ధైర్యం తెచ్చుకుని పడుకుంది.

మర్నాడు పొద్దున ఆసుపత్రిలో డాక్టరు పొట్ట మీది దారిలోంచి కెమెరా పంపుతూ పంపుతూ ఆపేశాడు. మత్తులో కళ్లు మూతలు పడుతున్నా రోసాండా తెర వైపు చూసింది. ఎర్రటి గోడకు ఒక గింజ అంటుకుని ఉంది. దాని వెనక ఇంకొన్ని. ఉబ్బి, పొట్ట పగిలి, తెల్లగా ఉన్నాయి. తన పనితనాన్ని తను గుర్తుపట్టింది.

“నిన్న గోధుమ తిన్నారా?”

“ఒక్క చెంచానే బాబూ. పోయినావిడది.”

ఆయనా ఈ ప్రాంతం మనిషే. గింజలు గొట్టానికి అడ్డం పడుతున్నాయి, ముందుకు పోతే ఏదీ కనబడదు అన్నాడు. పోయినవాళ్లదైనా సరే, కాదనాల్సిందమ్మా అని మెల్లగా అన్నాడు. నెవెంకా ఏడు నెలల తర్వాతి కొత్త తారీఖు రాసిచ్చింది. మార్చి పద్దెనిమిది.

శీతాకాలం వచ్చేసరికి వదులు గౌను మరీ వదులైంది. అయినా వచ్చిన ఆర్డరు కాదనలేదు. ఫిబ్రవరి మొదట్లో పేగు మూసుకుపోయి మూడు రోజులు సంచిలోకి ఏమీ దిగలేదు. నాలుగో రోజు అంబులెన్సులో, ఆసుపత్రి ఇంకో రెండు వీధులు ఉందనగా పోయింది.

శవానికి స్నానం చేయించడానికి వచ్చిన ఆడవాళ్లలో దరింకా ఉంది. గౌను విప్పి, పొట్ట మీది సంచి చూసి అలాగే నిలబడిపోయింది. “ఒక్క మాట చెప్పుంటే ఏమయ్యేది?” అంది చివరికి. ఏమయ్యేదో ఆ గదిలో అందరికీ తెలుసు.

నలభయ్యో రోజుకు గోధుమ వండడానికి తియానా పూనుకుంది. పెద్ద గిన్నె కోసం, తెల్ల దుప్పటి కోసం రోసాండా వంటింట్లోకి వెళ్లింది. అరలో గోధుమ డబ్బా పక్కన విప్పని మందు పొట్లాలు నాలుగు దారంతో కట్టి ఉన్నాయి, వాటి మీద గుండ్రటి అక్షరాల చీటీ: ‘రోసాండా, మార్చి పద్దెనిమిది.’