చెరి సగం

పంజాగుట్ట క్లినిక్ నుంచి ఫోన్ వస్తే నా చేతిలో కత్తెర ఆగిపోతుంది. ఆ రోజూ ఆగింది. ఎదురుగా ఒక హాస్టల్ అమ్మాయి తన ప్యాంటు ఎంత పొట్టి చెయ్యాలో చూపిస్తూ నిలబడి ఉంది.

"కమలాకర్ గారూ, డాక్టర్ అనితని. రేపు పొద్దున పిల్లలిద్దర్నీ తీసుకురండి. మందు డబ్బాలు కూడా. మీ అమ్మగారు వస్తే ఇంకా మంచిది."

"ఏమైంది మేడం?"

"రిపోర్టులు వచ్చాయి. ఫోన్లో వద్దండి. రేపు పొద్దున డోసు వెయ్యకుండా తీసుకురండి, ఇక్కడే వేద్దాం."

ఆ అమ్మాయి ప్యాంటుకి ఎక్కడ సుద్దగీత గీశానో నాకు తెలియలేదు. తర్వాత చూస్తే ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి అయింది.

మాది సిరిసిల్ల. మా నాయన మగ్గం మీద బతికాడు, నేను మిషను మీద బతుకుతున్నాను. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో నా ఆల్టరేషన్ దుకాణం, పైన రెండు గదుల ఇల్లు. ఇంట్లో నేను, మా అమ్మ అంజమ్మ, నా చెల్లెలి పిల్లలు రవళి, అనుపమ. ఇద్దరూ కవలలు. రవళి కాస్త ముందు పుట్టింది కాబట్టి అక్క. నా చెల్లెలు సంగీత, బావ, ఇద్దరూ హెచ్ఐవితో పోయారు. పిల్లలకి అది పుట్టుకతోనే వచ్చింది. మా ఇంట్లో దాని పేరు ఎవరం పలకం. అమ్మ 'పురుగు' అంటుంది. బళ్ళో తెలియదు, ఇంటి ఓనరుకి తెలియదు, పక్కన మొబైల్ కవర్లు అమ్మే అమ్జద్‌కి కూడా తెలియదు.

ఆ జబ్బుకి రోజూ మందు వెయ్యాలి. మందు దాన్ని చంపదు, అణిచి ఉంచుతుంది, అంతే. పిల్లలు వేసుకుంటున్న పాత మాత్ర పనిచేస్తూనే ఉంది గానీ ఒట్టి చేదు. అనుపమ అయితే ఒకరోజు మింగితే ఒకరోజు కక్కేది. అప్పుడే పంజాగుట్ట క్లినిక్ వాళ్ళు కొత్త మందు ఒకటి పిల్లల్లో పరీక్షిస్తున్నామన్నారు. నీళ్ళల్లో వేస్తే కరిగిపోతుంది, పండు వాసన వస్తుంది. చేరిన పిల్లల్లో సగం మందికి కొత్తది, సగం మందికి పాతది. ఎవరికి ఏదో కంప్యూటర్ చెబుతుంది. రెండిట్లో ఏది బాగా పనిచేస్తుందో చూస్తారు. నేను భయపడుతూనే ఒప్పుకున్నాను. రవళికి కొత్తది పడింది, అనుపమకి పాతదే ఉండిపోయింది.

అమ్మకి అది మింగుడుపడలేదు.

"గదేంది బిడ్డా, ఒక్క కడుపుల పుట్టినోల్లకు ఒకలకొకటి ఒకలకొకటా?" అని అక్కడే నర్సు అంబ్రీన్‌ని అడిగింది.

"మా చేతిల ఏం లేదు అమ్మా, కంప్యూటర్ తీస్తది. జర యాదుంచుకోండ్రి, దీనిది దానికి, దానిది దీనికి ఇయ్యొద్దు" అంది అంబ్రీన్.

అమ్మ తలూపింది. నాకు ఆ తలూపుడు చాలనిపించింది.

మా ఇంట్లో ఏ వస్తువు వచ్చినా చెరి సగం. మిర్చి బజ్జీ ఒకటి ఉంటే చెరి సగం. ఉస్మానియా బిస్కట్టు విరిచినప్పుడు ఒక ముక్క పెద్దదైతే, ఆ ఎక్కువైనది అమ్మ తన నోట్లో వేసుకుని రెండూ సమానం చేసేది. ఒకసారి నా టేపు తెచ్చి అరటిపండు కొలిచింది. తల్లి లేని పిల్లలు, ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ అయితే సంగీత పైనుంచి చూస్తుందని ఆమె నమ్మకం.

కొత్త మందు మొదలైన కొత్తలో ఒకనాడు అమ్జద్ చాయ్ పట్టుకుని దుకాణంలోకి వచ్చాడు. అమ్మ గుమ్మం దగ్గర కూర్చుని అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తోంది.

"కమలాకర్ భాయ్, గీ వీడియో చూడు. కొత్త మందులు గరీబోల్ల పిల్లల మీద చూస్తుండ్రంట. ఒగ పిల్లగాడు నీలిగైపోయిండు, చూడు."

"గవన్నీ నమ్ముతవా?"

"నేను నమ్మకపోతే పంపించినోడు గుస్సా చేస్తడు గదా" అని నవ్వాడు. "మనకెందుకు, మన ఇండ్లల్ల ఎవలున్నరు గట్ల. జర చూడు అంజమ్మా."

అమ్మ ఆ ఫోన్‌ని చేతిలోకి తీసుకుని చివరిదాకా చూసింది. అడకత్తెరలో పెట్టిన వక్క అట్లాగే ఉండిపోయింది.

మర్నాడు నాతో, "మందులు ఇగ నేనే ఇస్త. నువ్వు దుకాణం చూస్కో" అంది. నాకు హాయిగా అనిపించింది. పిల్లలు కూడా పేచీ లేకుండా తాగుతున్నారు. అనుపమ కక్కడం తగ్గింది. అమ్మ చేతి మహిమ అనుకున్నాను. అడకత్తెర అంచుకి ఎప్పుడూ తెల్లగా ఏదో అంటి ఉండేది. సున్నం అనుకున్నాను.

ఫోన్ వచ్చిన సాయంత్రం పిల్లలిద్దరూ మెట్ల మీద కూర్చుని హోంవర్క్ చేసుకుంటున్నారు. అనుపమ దగ్గింది. మామూలు దగ్గే. కానీ సంగీతకి కూడా మామూలు దగ్గుతోనే మొదలైంది. నేను దుకాణం షట్టరు దించి, వాళ్ళ పక్కనే కూర్చుని, మళ్ళీ దగ్గుతుందేమోనని చూస్తూ ఉండిపోయాను.

"ఏంది మామా, గట్ల చూస్తున్నవ్?" అంది.

"ఏం లేదు బిడ్డా. రాసుకో."

పొద్దున మెట్రో ఎక్కాం. అమీర్‌పేట తర్వాత పంజాగుట్టే, ఒక్క స్టేషను. పిల్లలు కిటికీకి ముక్కులు ఆనించి కింద బస్సులు చూశారు. అమ్మ తన వక్కల సంచి గుప్పిట్లో బిగించి పట్టుకుని కూర్చుంది.

క్లినిక్‌లో పిల్లల్ని బయట బొమ్మల దగ్గర కూర్చోబెట్టి, డాక్టర్ అనిత మమ్మల్ని లోపలికి పిలిచింది. అంబ్రీన్ మా డబ్బాల్లో మాత్రలు లెక్కపెట్టి, "సరిగ్గ ఉన్నయి మేడం" అంది. అది విని డాక్టరు ముఖం ఇంకా చిన్నబోయింది.

"డబ్బాలో మాత్రలు మిగిలి ఉంటే నేను సంతోషించేదాన్నండి" అంది. "వెయ్యడం మర్చిపోతున్నారు, గట్టిగా చెప్తే సరిపోతుంది అనుకునేదాన్ని. ఇద్దరికీ వైరస్ పెరిగింది. అనుపమకి పెరిగింది, కొత్త మందు మీద ఉన్న రవళికీ పెరిగింది. మాత్రలేమో సరిపోయాయి. అంటే మందు లోపలికి వెళ్తోంది, పనిచెయ్యట్లేదు."

"పని చెయ్యకుంటే ఏమైతది మేడం?"

"పెద్దవాళ్ళకున్నన్ని మందులు పిల్లలకి లేవు, కమలాకర్ గారూ. ఇది పోతే వేరేది, అది పోతే ఇంకోటి అని నేను చెప్పలేను. రవళికి ఈ కొత్తది కూడా పనిచెయ్యకపోతే..." ఆమె ఆగి గ్లాసులో నీళ్ళు తాగింది. "ఇదే మందు ఇంకా చాలామంది పిల్లలు వేసుకుంటున్నారు. వాళ్ళ గురించి కూడా ఆలోచించాలి నేను."

అమ్మ వైపు చూశాను. ఆమె నేలలోకి చూస్తోంది.

"పొద్దున డోసు కాలేదు గదా, ఈడనే వేద్దం" అంటూ అంబ్రీన్ పిల్లల్ని లోపలికి తీసుకొచ్చింది. ప్లాస్టిక్ కప్పులో నీళ్ళు పోసి రవళి మాత్ర వేసింది. గదంతా పండు వాసన వచ్చింది. కప్పు రవళి చేతికి ఇచ్చింది.

రవళి తాగింది. కాసేపు తాగి, కప్పు కళ్ళ ముందుకు ఎత్తి, లోపల ఎంత ఉందో చూసుకుంది. ఇంకొక్క చిన్న గుక్క తాగి, మళ్ళీ చూసుకుంది. సరిపోయింది అన్నట్టు తలాడించి, కప్పు అనుపమకి అందించింది. అనుపమ అప్పటికే చెయ్యి చాపి ఉంది.

అంబ్రీన్ గబుక్కున కప్పు పట్టుకుంది.

ఏం జరిగిందో అనుపమకి అర్థం కాలేదు. టేబుల్ మీద పెట్టిన తన పాత మాత్ర వైపు చూసి, అమ్మ వైపు తిరిగి, "అమ్మమ్మా, అడకత్తెర తేలేదా?" అంది.

అడకత్తెర మీద ఉన్నది సున్నం కాదని నాకు అప్పుడు తెలిసింది.

"ఎప్పట్నుంచి అమ్మా?" అంది డాక్టరు.

అమ్మ వక్కల సంచి ఒళ్ళో పెట్టుకుంది. "గా వీడియో చూసినకాడికెల్లి. మార్చి ఇయ్యొద్దు అన్నది ఈ బిడ్డ. నేను మార్చలే. రెండు సగం చేసి ఇద్దరికి ఇచ్చిన."

"ఎందుకమ్మా అట్లా?"

"కొత్తది విషమైతే ఒక్కదానికే ఎక్కుతది గదా మేడం. సగమైతే ఇద్దరు బతుకుతరు అనుకున్న. మంచిదైతే మరి రెండోది ఏం పాపం చేసింది. నాకు ఉన్నది గీ ఇద్దరే. ఒకలను పరీక్షకు పెట్టి ఒకలను చూసుకుంట ఎట్ల కూసుంట?"

డాక్టరు తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది నాకు. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

అంబ్రీనే అమ్మ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "అమ్మా, మీరు అమీర్‌పేటల ఉంటరు గదా. సగం మందు ఇచ్చుడు అంటే ఆ పురుగుకు మీరు కోచింగ్ ఇచ్చినట్టు. చావదు. రోజు కొంచెం కొంచెం నేర్చుకుంటది. నేర్చుకున్నంక పూర మందు ఇచ్చినా ఫరక్ పడదు."

"నేర్చుకున్నదా మరి?" అంది అమ్మ.

"అదే చూడాలి" అంది డాక్టరు. "ఇద్దరి రక్తం వేరే ల్యాబ్‌కి పంపుతాను. వైరస్ ఏ మందుకి అలవాటు పడిందో చెప్తారు. రెండిటికీ పడి ఉంటే మాత్రం నా దగ్గర సమాధానం లేదండి. అప్పటిదాకా ఎవరిది వాళ్ళకి, పూర్తిగా."

ఆ ఎదురుచూపు ఎలా గడిచిందో సరిగా చెప్పలేను. అమ్మ వక్క నమలడం మానేసింది. అడకత్తెర కడిగి, గుడ్డలో చుట్టి, నా గుండీల డబ్బాలో అడుగున పెట్టేసింది. పిల్లల్లో ఎవరు తుమ్మినా ఇద్దరం లేచేవాళ్ళం. అమ్మ బల్కంపేట ఎల్లమ్మ గుడి దాకా వెళ్ళి వచ్చింది గానీ ఏం మొక్కావని అడిగితే చెప్పలేదు. "మొక్కనీకి నోరు రాలే" అంది, అంతే. ఒకరోజు అమ్జద్ ఇంకో వీడియో పట్టుకొచ్చాడు. అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

"అంజమ్మ గుస్సా అయిందా నా మీద?"

"లేదు భాయ్. పానం బాలేదు" అన్నాను.

"నాకు చెప్పొచ్చు గదా, నేను బండి మీద తీస్కపోత దవాఖానకు" అన్నాడు. వాడి ముఖం చూస్తే అంతా చెప్పేద్దామనిపించింది. చెప్పలేదు.

మళ్ళీ ఫోన్ వచ్చింది. మళ్ళీ వెళ్ళాం.

"రవళికి కొత్త మందు ఇంకా పనిచేస్తుంది" అంది డాక్టరు. ఆమె అంతకుముందే ఏడ్చి ముఖం కడుక్కున్నట్టుంది, లేదా నాకు అలా అనిపించింది. "అనుపమకి పాతది ఇక పనికిరాదు. వైరస్ దాన్ని నేర్చేసుకుంది. అనుపమని ఈ పరీక్ష నుంచి తీసేసి, పరీక్షతో సంబంధం లేకుండా కొత్త మందే మొదలుపెడతాను. ఆమె వైరస్ ఇంకా దానికి అలవాటు పడలేదు. కానీ అమ్మా, వినండి. ఇది కూడా పోతే ఆ పిల్లకి నేనివ్వగలిగింది దాదాపు ఏమీ ఉండదు."

అమ్మ అడిగింది. "అంటే ఇగ ఇద్దరికి ఒక్కటేనా?"

"ఒక్కటే."

మొదటి రోజు నుంచీ ఆమె కోరింది అదే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది.

మర్నాడు పొద్దున అమ్మ రెండు స్టీలు గ్లాసులు కడిగింది. రెండిట్లో నీళ్ళు, రెండిట్లో ఒక్కొక్క మాత్ర. కరిగేదాకా వంగి చూస్తూ ఉంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. కింద షట్టరు ఇంకా తియ్యలేదు.

పిల్లలిద్దరూ గ్లాసులు ఎత్తారు. రవళి తాగుతూ తాగుతూ సగంలో ఆగింది. గ్లాసులోకి చూసుకుని, అలవాటుగా చెయ్యి పక్కకి చాపింది. అనుపమ చేతిలో అనుపమ గ్లాసు ఉంది. అది కూడా సగం దగ్గర ఆగి, అక్క వైపు చాపి ఉంది.

అమ్మ ఒక్కొక్క చేత్తో ఒక్కొక్క మణికట్టు పట్టుకుంది.

"తాగుండ్రి బిడ్డా. అంత మీదే."

"మరి చెల్లెకు?" అంది రవళి.

"చెల్లెది చెల్లెకున్నది. తాగు."

తాగారు. ఇద్దరూ మూతులు తుడుచుకున్నారు. అమ్మ ఖాళీ గ్లాసులు తీసుకుని తన అరచేతిలో బోర్లించింది. ఒక చుక్క రాలింది. కాస్త తెల్లగా ఉంది. అది ఏ గ్లాసులోదో ఆమెకి తెలియలేదు, నాకూ తెలియలేదు. అమ్మ రెండు గ్లాసుల్లోనూ మళ్ళీ నీళ్ళు పోసి, వేలితో గ్లాసు అంచులన్నీ రుద్ది, ఎవరి గ్లాసు వాళ్ళ చేతికే ఇచ్చి, అడుగు కనిపించేదాకా తాగించింది.