బకెట్లో కూర్చుని చెరువును కాచాను

నేను ఒక గొట్టాన్ని. జానెడు పొడవుంటాను. రొయ్యల చెరువు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచి చెప్పడం నా పని.

పుట్టింది హైదరాబాదులో, చెప్పులు బయట విడిచి వెళ్లే చల్లటి గదిలో. నేను చెప్పే అంకె రెండు సెకన్లకోసారి సెల్ టవరెక్కి ఆఫీసుకు పోతుంది. అక్కడ వందలాది చెరువుల అంకెలు కాలవలా పారుతుంటాయి. పారుతుండగానే కంప్యూటర్లు వాటిని చూసి, బాగుంటే తెర మీద పచ్చ రంగు, తేడా వస్తే ఎరుపు వేస్తాయి. ఎరుపు పడిందంటే చెరువు నీళ్లను చిలికి ఊపిరందించే గాలి చక్రాలు వాటంతటవే తిరుగుతాయి. ఈ ఏర్పాటు కట్టడానికి ముప్పై మంది పెద్ద చదువులవాళ్లకు రెండేళ్లు పట్టింది. నన్ను చెరువులోనే ఉంచాలన్న ముక్క మాత్రం ఎవరూ ఎక్కడా రాయలేదు. అది కూడా చెప్పాలా అనుకున్నారు.

నన్ను ఆకివీడు దగ్గర విశ్వనాథరాజుగారి చెరువుకు తెచ్చింది హిమబిందు అనే ఇంజనీరు. ఆ చెరువు కాపలాదారు ఏసురత్నం. ఇరవై ఏళ్లుగా నీళ్ల రంగు చూసి రొయ్య ఒంట్లో ఎలా ఉందో చెప్పే మనిషి. ఆ అమ్మాయి నన్ను అతని చేతిలో పెట్టి, "చాలా సున్నితమండీ, నాచు పట్టనివ్వకండి" అంది. రాజుగారు ఇంకో మాట కలిపారు. "దానికేవన్నా అయ్యిందో, నువ్వింక ఈ గట్టెక్కక్కర్లేదు." ఆపైన గాలి చక్రాల స్విచ్చు పెట్టెకు తాళం వేసుకుని భీమవరం వెళ్లిపోయారు. మిషనుండగా మనిషికి స్విచ్చెందుకు?

రత్నం రెండు రోజులు నన్ను చెరువులో ఉంచాడు. నాచు పట్టింది. అతనికి రాజుగారి మాట గుర్తొచ్చింది. మూడో రోజు నన్ను కడిగి తుడిచి, పాకలో నీలం బకెట్ నిండా బోరు నీళ్లు పోసి అందులో కూర్చోబెట్టాడు. పూటకోసారి నీళ్లు మార్చేవాడు. చంటిపిల్లలకు కూడా అంత సేవ జరగదు. నేను ఉన్నదున్నట్టే చెప్పాను, నీళ్లు దివ్యంగా ఉన్నాయని. ఆఫీసు తెర పచ్చ, రాజుగారి ఫోను పచ్చ. ఇది ఆదర్శ చెరువని హిమబిందు పై అధికారి వచ్చినవాళ్లందరికీ చూపించాడట. ఏ నీళ్లని ఒక్కరైనా అడిగితే కదా!

రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడికి వారం ఉందనగా మబ్బు పట్టింది. మధ్యాహ్నానికి గాలి స్తంభించింది. రొయ్యలు ఊపిరాడక గట్టువార తేలాయి, కొంగలు దిగాయి. రత్నం ఫోన్ చేశాడు.

"రాజుగారండీ, రొయ్య తేలిపోతందండి. తాళం పగలగొట్టెయ్యమంటారా?"

"నా ఫోన్లో పచ్చగా ఉంటే రొయ్యెలా తేలుద్దిరా? పట్టపగలే మందేసుకొచ్చావా?"

"లేదండి బాబూ. కొంగలు దిగినయ్యండి."

"కొంగల మాటినడానికా ఇంత మిషను పెట్టించింది? తాళం జోలికెళ్లావో, ఊరుకోను."

రత్నం హిమబిందుకు చేశాడు.

"ఇక్కడంతా బాగానే కనిపిస్తోందండీ. సెన్సర్ చుట్టూ నీళ్లెలా ఉన్నాయి?"

"అద్దంలా ఉన్నాయమ్మా. ఇప్పుడే మార్చేను."

"మార్చారా? చెరువు నీళ్లా?"

"కాదమ్మా, బకెట్లోవి."

అటువైపు నుంచి ఒకటే కేక. "బాబాయ్, దాన్ని చెరువులో పడెయ్యండి! పరిగెత్తండి!"

"నాచు పట్టుద్దేమోనమ్మా..."

"పట్టనీ!"

పరిగెత్తాడు. విసిరాడు. వెదురు గుంజకు కొట్టుకుని నా తల చిట్లింది. మునుగుతూ ఒకే ఒక్క అంకె చెప్పగలిగాను. అది చాలింది. నాలుగు చక్రాలూ ఒక్కసారి గర్జించాయి. ఒక మూల గంపెడు రొయ్య పోయింది. మిగతా చెరువంతా బతికింది. ఫోన్లో ఎరుపు చూసి వచ్చిన రాజుగారు కారు దిగి, తిరిగే చక్రాలను చూసి, "చూశావా, మిషనంటే అదీ!" అన్నారు. రత్నం గట్టు మీద కూలబడి, ఆయాసపడుతూ తలూపాడు.

ఇప్పుడు నేను కంపెనీ ముందుగదిలో, అద్దాల బీరువాలో ఉన్నాను. కింద పలక మీద "ఒక పంటను కాపాడిన పరికరం" అని చెక్కించారు. ఆ పలక మీద రత్నం పేరు పట్టేంత చోటు ఖాళీగా ఉంది. కొలిచే చెబుతున్నాను.