రాజుగారి కారుకు పథ్యం

నేను ఒక లిథియం బ్యాటరీని. సెల్‌ఫోనులో దాక్కునే చిన్న రకం కాదు, కారు ఇంజనును నిద్రలేపే రకం. నా బరువు అయిదు కిలోలు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నన్ను కొనడానికి వచ్చినవాళ్లెవరూ ఎంత పనిచేస్తావని అడగలేదు. ఎంత తూగుతావనే అడిగారు.

కార్ఖానాలో పలచని రేకులు చుట్టలు చుట్టి, వాటిని ఒక నల్లటి పెట్టెలో సర్ది, పైన ఒక చిన్న సర్క్యూటు పలకను కాపలా పెట్టారు. నాలోని కరెంటు మరీ అడుగంటితే నేను పాడైపోతాను. అందుకని ఆ కాపలాదారు కొంచెం మిగిలి ఉండగానే తలుపు మూసేస్తాడు. మళ్లీ తెరవడానికి నా నెత్తిమీద ఒక మీట ఉంటుంది. ఇదంతా నాతోపాటు ఇచ్చే పుస్తకంలో ఏడో పేజీలో రాసి ఉంది. ఆ పుస్తకాన్ని ఎవరూ చదవరని కార్ఖానాలో అందరికీ తెలుసు. అయినా ముద్రిస్తారు.

అక్కడినుంచి నేను తణుకు చేరాను. నన్ను తెప్పించినాయన తాతరాజు గారు. కోళ్ల ఫారాలున్న మనిషి. యాభై ఏడో ఏట ఆయనకు స్పోర్ట్స్ కారు మీద మనసైంది. రెండే సీట్లున్న ఎర్ర కారు ఒకటి కొన్నారు. భీమవరంలో రొయ్యల చెరువులున్న ఆయన వియ్యంకుడు నీలాద్రిరాజు గారు ఆ సంగతి విని, నెల తిరక్కుండా అలాంటిదే నీలం రంగుది కొన్నారు. చెన్నై దగ్గర ఒక రేసు ట్రాక్ ఉంది. ఏడాదికోసారి మామూలు మనుషుల్ని కూడా అక్కడ నడపనిచ్చి, ఒక్కో చుట్టుకు ఎంతసేపు పట్టిందో రాసిస్తారు. మొదటి ఏడు నీలాద్రిరాజు గారు రెండు సెకన్ల తేడాతో గెలిచారు. ఆ రెండు సెకన్లను ఆయన మనవరాలి బారసాలలో చెప్పారు, అన్నప్రాశనలో చెప్పారు, వేరేవాళ్ల గృహప్రవేశంలో కూడా చెప్పారు. తాతరాజు గారికి ముద్ద దిగేది కాదు. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఈ ఏడు ఎవరి కారు ఓడితే, వాళ్లు ఇక ఏ పంక్తిలోనూ కార్ల మాటెత్తకూడదు.

ఏలూరు మెకానిక్కు గఫూర్ కారు చుట్టూ తిరిగి చూసి, ఇంజను జోలికి వెళ్లవద్దని, బండి బరువు తగ్గిస్తే మలుపుల్లో మాట వింటుందని చెప్పాడు. అలా ఇరవై కిలోల పాత సీసం బ్యాటరీ దిగింది, దాని చోటులో నేను ఎక్కాను. తాతరాజు గారు నన్ను ఒంటిచేత్తో పైకెత్తి ఫారంలో ప్రతివాడికీ చూపించారు. ఆ తరువాత ఆయనకు బరువు పిచ్చి పట్టింది. స్టెప్నీ తీయించారు, కాళ్లకింది పట్టాలు తీయించారు, ఎడమవైపు సీటు తీయించారు. పాటల పెట్టె మాత్రం తీయనివ్వలేదు. పాటలు లేకపోతే చేతులు ఆడవన్నారు.

ఆయన భార్య సుభద్రమ్మ గారు ఇదంతా చూస్తూ ఊరుకున్నారు. నా పుస్తకాన్ని మాత్రం భోజనాల బల్లమీద నుంచి తీసి, కళ్లజోడు పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా చదివారు. ఇన్నేళ్లలో నేను చూసిన ఏకైక పాఠకురాలు ఆవిడే. ఒక ఉదయం ఆయన రెండో పెసరట్టు మీద ఉప్మా వేయించుకుంటుంటే మెల్లగా అన్నారు.

"ఏవండీ, బండికి పెట్టిన పథ్యం మీరు చేసినా ఆ పదిహేను కిలోలూ తగ్గేవి కదండీ."

తాతరాజు గారు అప్పటికి నూట పద్దెనిమిది కిలోలు. తినడం ఆపలేదు. "నేను సామాన్ని కాదు సుభద్రా, డ్రైవర్ని," అన్నారు.

చివరగా పలచటి రేసు సీటు ఒకటి వచ్చింది. తెప్పించే ముందు గఫూర్ నడుం కొలత తీసుకుంటానని టేపు తెస్తే, తన కొలత తనకు తెలుసని రాజుగారు చెప్పారు. ఆయనకు తెలిసింది పెళ్లినాటి కొలత. చెన్నై బయలుదేరే రోజునే సీటు చేతికొచ్చింది, బిగించారు, కారు లారీ ఎక్కింది.

ట్రాక్ దగ్గర తాళంచెవి తిప్పి, పాటలు పెట్టి, ఫ్యాను తిప్పి, ఎండలో లైట్లు కూడా వేసి, రాజుగారు సీట్లోకి దిగబోయారు. సగం దిగారు. మిగతా సగం దిగలేదు. గఫూర్ ఒకవైపునుంచి నొక్కాడు. ఊపిరి బిగబట్టమన్నాడు, వదలమన్నాడు, పక్కకు తిరగమన్నాడు. ఎలాగో కూర్చోబెడితే బెల్టు రెండు కొసలూ కలవలేదు. వాటి మధ్య జానెడు రాజుగారు మిగిలిపోయారు. ఈ తతంగం ముప్పావుగంట సాగింది. అంతసేపూ పాటలకు, ఫ్యానుకు, లైట్లకు నేనే కరెంటు పోశాను. ఇంజను తిరిగితే నాకు మళ్లీ కాస్త వచ్చేది. దాన్ని ఎవరూ తిప్పలేదు. నా కాపలాదారు చూసి చూసి తలుపు మూసేశాడు. పాట సగంలో ఆగిపోయింది.

నీలాద్రిరాజు గారు వచ్చి తొంగిచూశారు. "తేలిక సరుకు అంతేనండి బావగారూ. మా బండిలో పాతదే ఉంది, ఇరవై కిలోలూ అలాగే ఉంచేశాను. కావాలంటే మా వ్యానులో ఇంకోటుంది, ఇమ్మంటారా?" అన్నారు. అంత మర్యాదగా అన్న మాట అంత మంట పుట్టించడం నేనెప్పుడూ చూడలేదు. తాతరాజు గారు మొహం ఎర్రగా చేసుకుని, నన్ను పీకి అవతల పారెయ్యమని గఫూర్‌తో చెప్పారు. గఫూర్ స్పానరు తీశాడు. నేను బతికే ఉన్నానని చెప్పడానికి నాకు నోరు లేదు.

అప్పుడు, మాతోపాటు చెన్నై వచ్చిన సుభద్రమ్మ గారు ముందుకొచ్చి, చీరకొంగుతో నా నెత్తిమీది దుమ్ము తుడిచి, మీట నొక్కి, గఫూర్‌ని తాళంచెవి తిప్పమన్నారు. దాచిపెట్టిన కాస్త కరెంటునూ ఒక్క ఉదుటున ఇచ్చేశాను. ఇంజను లేచింది.

ఇంజను లేచింది గానీ నడిపేవాడు బెల్టులో పట్టడు. గఫూర్ నేల చూస్తూ, అమ్మగారు నడపొచ్చు కదా సార్ అన్నాడు. ఆ మాట గాలికి అన్నది కాదు. ఫారం పెట్టిన కొత్తలో డ్రైవరును పెట్టుకునే స్తోమత లేక, పన్నెండేళ్లు ఆవిడే గుడ్ల వ్యాను నడిపారు. కాలవగట్టు మీద, గతుకుల్లో, నిండు ట్రేలతో. మలుపు తిప్పేటప్పుడు బండి కుదిపితే గుడ్డు పగులుతుంది, నెమ్మదిగా పోతే మార్కెట్టు వేళ దాటిపోతుంది. రెండూ కాకుండా నడపడం ఆవిడ చేతులకు వచ్చు.

రాజుగారు సీట్లోంచి ఎలాగో బయటపడ్డారు. తరువాత హెల్మెట్టు తీసి ఆవిడ చేతికిచ్చారు. ట్రాక్ వాళ్ల కాగితాల్లో నడిపేవారి పేరు మార్పించి, చీర మార్చుకుని గఫూర్ తెచ్చిన ప్యాంటూ చొక్కా వేసుకుని, సుభద్రమ్మ గారు సీట్లో కూర్చున్నారు. బెల్టు ఇంకా వదులే.

మొదటి చుట్టు ఆవిడ భయంగా నడిపారు. స్టీరింగు వణుకు నాదాకా వచ్చింది. రెండో చుట్టులో ఆ వణుకు పోయింది. నీలాద్రిరాజు గారు ప్రతి మలుపులోనూ బ్రేకు మీద నిలబడి, టైర్లు అరిపించి, తరువాత పరిగెత్తించేవారు. ఈవిడ ముందే కాస్త వేగం తగ్గించి, బండిని ఒక్క గీతలో తిప్పి, అటునుంచి దూకించారు. నాలుగో చుట్టు కాగితం వచ్చింది. నీలం కారు కంటే అర సెకను తక్కువ.

ఆవిడ దిగారు. గఫూర్ మజ్జిగ ఇస్తే తాగలేదు. "ఇంకొక్క చుట్టు తిప్పనిస్తారేమో కనుక్కుంటావా గఫూర్?" అని అడిగారు.

నీలాద్రిరాజు గారు పెద్దమనిషి. చెల్లెమ్మగారికి దణ్ణం పెట్టి, ఒప్పందం ప్రకారం ఆనాటినుంచి రొయ్యల గురించే మాట్లాడుతున్నారు. తాతరాజు గారు మాత్రం తిరుగు ప్రయాణంలో నెల్లూరు దాకా నోరు విప్పలేదు. గెలిచినందుకు సంతోషపడాలో, తను గెలవనందుకు బాధపడాలో తేలక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. నెల్లూరులో టీ తాగుతూ, మూడో మలుపులో భయం వేయలేదా అని భార్యను అడిగారు. వేసిందని ఆవిడ చెప్పారు. ఆ తరువాత తణుకు దాకా ఆయన మలుపు మలుపునూ అడుగుతూనే ఉన్నారు, ఆవిడ చెబుతూనే ఉన్నారు.

మూడేళ్ల తరువాత కారు అమ్మేశారు. కొన్నాయన పాతరకం బ్యాటరీయే కావాలన్నాడు. సుభద్రమ్మ గారు నన్ను కోడిపిల్లల షెడ్డులో పెట్టించారు. కరెంటు పోతే నాలుగు బల్బులు వెలిగిస్తాను. ఇప్పుడు నా పక్కన వందల పిల్లలు కిచకిచమంటుంటాయి. గోడమీద ఎర్రకారు ఫొటో ఉంది.

మొన్న రాజమండ్రి గుడ్ల వ్యాపారి ఒకాయన వచ్చి ఆ ఫొటో చూశాడు. తాతరాజు గారు పందెం కథంతా చెప్పారు. అర సెకను ఆయన నోట ఈమధ్య మూడు సెకన్లయింది. వ్యాపారి మెచ్చుకుని, నడిపింది తమరేనా అండి అని అడిగాడు.

రాజుగారు ఫొటోమీది దుమ్ము తుడిచారు.

"మా ఆవిడండి. బరువు తగ్గించింది నేను."