నీళ్ళలోనే వదిలేయాలి

పైపు మూతిని బొటనవేలితో నొక్కిపట్టి, నీటిధారను పలచటి రేకులా చేసి, ఐవర్ హౌగెన్ మరుగుదొడ్డి గోడమీద కొట్టాడు. రాత్రి ఎవరో తాగిన బీరూ తిన్న సాసేజీ కలిపి ఆ గోడకు అప్పగించి పోయారు. అదంతా ఎండి అట్టకట్టింది. ధార తగిలినచోట కాస్త మెత్తబడి, జారి, మళ్ళీ అంటుకుపోయింది. ఐవర్ చీపురు తిరగేసి కర్రకొసతో గీకాడు. ముఖం పక్కకు తిప్పుకోలేదు. తిప్పుకుంటే అదే పని రెండోసారి చెయ్యాల్సివస్తుందని అతనికి ఎప్పుడో తెలిసిపోయింది.

మనిషి పొడుగు. నడుం మాత్రం, మరుగుదొళ్ళ గుమ్మాలన్నీ పొట్టివాళ్ళకోసమే కట్టడంవల్ల, పైభాగాన ఒంగిపోయింది. చేతివేళ్ళ కణుపులు అల్లంకొమ్ముల్లా ఉబ్బి ఉంటాయి. ఏ సబ్బుతో రుద్దినా ఆ చేతుల్లోంచి బ్లీచింగు వాసన ముందు వస్తుంది, దాని వెనకే చేప కడుపు వాసన వస్తుంది. క్లామిష్ ఏటి రేవులో మరుగుదొళ్ళు కడగడం, చేపలు కోసే సిమెంటు బల్ల కడగడం, చెత్తపీపాలు ఎత్తడం అతని ఉద్యోగం. తల నెరవకముందు చేరాడు, తల నెరిసింది, ఇంకా అందులోనే ఉన్నాడు.

బయట మసకగానే ఉంది. ఒడ్డు పొడుగునా మనుషులు భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. ఒకప్పుడు ఈ ఏట్లో సాల్మన్ చేపలు ఎంతగా ఎక్కివచ్చేవంటే, అవి తోకలతో చిమ్మే నీళ్ళకు ఒడ్డున ఆరేసిన దుప్పట్లు నెలైనా ఆరేవి కావు. ఐవర్ తాతగారి పెళ్ళి తడిచొక్కాతోనే జరిగింది. ఆ తోకల చప్పుడులో పాస్టరు మాట వినబడక పెళ్ళికూతురు ‘ఆఁ?’ అందట. దాన్నే ఒప్పుకోలు కింద తీసుకుని పాస్టరు పెళ్ళి ముగించేశాడు. ఇప్పుడు ఆ చప్పుడంతా చేపలకోసం వచ్చే మనుషులే చేస్తున్నారు.

చేపలశాఖవాళ్ళు ఏటేటా ఏరు తెరుస్తారు. తెరవడానికి దానికి తలుపూ లేదు, గొళ్ళెమూ లేదు. రేవు దగ్గరి పలకమీద కాగితం మారుతుంది, అంతే. నిన్నటిదాకా చేప జోలికిపోతే నేరస్థుడైన మనిషి ఇవాళ పొద్దుపొడుపుకల్లా వేటగాడైపోతాడు. ఈ ఏడు చేప పలచగా వస్తోందని, ఒక్క శనివారమే తెరిచి పొద్దుగూకగానే మూసేస్తామన్నారు. మళ్ళీ వచ్చే ఏడాదే. మనిషికి ఒక్క చేప. అది నోటికి గాలం తగిలిన చేపై ఉండాలి. వీపుకో పొట్టకో గుచ్చుకున్నది కుదరదు. వీటన్నిటికన్నా పెద్ద సంగతి రెక్క. చేప వీపుమీద, తోకకు కాస్త ముందు, గోరంత కొవ్వురెక్క ఉంటుంది. హేచరీలో పెంచిన పిల్లలకు దాన్ని కత్తిరించి ఏట్లో వదులుతారు. కాబట్టి రెక్క లేనిది ఇంటికి తెచ్చుకోవచ్చు. రెక్క ఉన్నది ఏటిబిడ్డ. దాన్ని నీళ్ళలోంచి పైకెత్తనైనా ఎత్తకూడదు. నీళ్ళలో మోకాళ్ళమీద కూర్చుని, గాలం తీసి, అది ఊపిరి పుంజుకునేదాకా రెండు చేతులతో పట్టుకుని, అక్కడే వదిలెయ్యాలి. తెరిచిన రోజున మా మగవాళ్ళు ఏట్లో మోకరిల్లినంతగా చర్చిలో కూడా మోకరిల్లరు.

ఆ పొద్దున ఐవర్ బయలుదేరుతుంటే, అతని భార్య బెర్నిస్ వంటింటి గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

“ఇంతకాలం ఏటి పక్కనే ఉద్యోగం. ఇంటికి చేప కంపు తప్ప చేప తెచ్చావా నువ్వు?”

“తెరిచిన రోజు నాకు డ్యూటీ ఉంటదిగా.”

“ఇవాళ మధ్యాహ్నంనించి సెలవేగా! రేపు మా చెల్లి ఎథెల్ భోజనానికొస్తోంది. ఏడాదేడాదీ అది తెచ్చిన చేపే తినడం, దాని మొగుడి గొప్పలు వినడం, నాకు అరగట్లేదు. ఈసారి తేవద్దు, మా ఆయన పడతాడు అని చెప్పేశా.”

“చెప్పేశావా?”

“చెప్పేశా. ఇంక నీ ఇష్టం. కొట్లో కొన్నావంటే మాత్రం నాకు వాసనలోనే తెలిసిపోద్ది.”

పొద్దెక్కేసరికి సిమెంటు బల్ల నిండిపోయింది. పేగులు, మొప్పలు, నెత్తురుగడ్డలు కాలవలోకి తొయ్యడానికి బల్లమీద నీళ్ళు పారుతూనే ఉంటాయి. అయినా అక్కడ నిలబడినవాళ్ళకు కాలవ కనబడదు. చేతికందిన చోటల్లా విసిరేస్తారు. ఒకడు సగం తిన్న డోనట్టు పేగులకుప్పమీద పెట్టి చేప తోమాడు. తోమడం అయ్యాక దాన్ని తీసి తినేశాడు. ఐవర్ పార తీసుకుని బల్ల కింద గీకుతూ ఉండిపోయాడు. ఎడమ రెక్క పీకుతోంది. పొద్దున గోడ గీకినందుకు అనుకున్నాడు.

మధ్యాహ్నం దగ్గరపడుతుండగా మూడో దొడ్డి మూసుకుపోయిందని ఎవరో అరిచారు. ఐవర్ కొక్కెంకర్ర తీసుకుని వెళ్ళాడు. గుమ్మం దగ్గర టైర్లకొట్టు పెల్కీ నిలబడి ఉన్నాడు. పెద్ద బొజ్జ, చంకలదాకా రబ్బరు లాగు, ముఖం కందిపోయి ఉంది.

“ఐవర్, ఓ చిన్న సాయం. గుంటలో నాదొకటి పడింది.”

“ఏంటి, ఫోనా?”

“చేప.”

ఐవర్ అతనివైపు చూశాడు. పెల్కీ గొంతు తగ్గించాడు.

“ఆ చేపలశాఖ ఆఫీసరమ్మ మార్లా వస్తోందన్నారు. గబుక్కున ఎక్కడ పెట్టను? జనకోసం, ఆ గుడ్లకోసం కోశానబ్బా. జన తీసేసుకున్నాలే. చేప కూడా పైకి తీసిచ్చావంటే కడుక్కుంటా.”

“కడుక్కుంటావా?”

“పొగేస్తే ఏం తెలుస్తది!”

ఐవర్ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. గుంటలోకి కొక్కెంకర్ర దించి, మొప్ప దగ్గర తగిలించి, పైకి లాగాడు. ఆడచేప. కడుపు ఒక చివరనించి మరో చివరకు చీల్చి, గుడ్ల సంచి పెరికేసి ఉంది. దానికి అంటుకున్నవి ఏమిటో చెప్పక్కర్లేదు. వెన్నుమీద, తోకకు ముందు, ఆ చిన్న రెక్క చెక్కు చెదరకుండా ఉంది. సముద్రందాకా పోయి, పుట్టిన గులకరాళ్ళు వెతుక్కుంటూ తిరిగి వచ్చి, చివరకు టైర్లకొట్టువాడి చేతిలో పడి దొడ్డిలోకి చేరింది. ఐవర్‌కు అన్నేళ్ళలో మొదటిసారి అక్కడ వాంతి వచ్చింది. వచ్చినదాన్ని తనే కడిగాడు.

ఆ చేపను కొక్కెంకర్ర చివరన పట్టుకుని నేరుగా నడిచి, సిమెంటు బల్లమీద, అందరి కత్తుల మధ్య పడేశాడు.

“థూ! ఏంటయ్యా ఇది!”

“ఎవడిదది? తియ్యండెహే, ఇక్కడ తినేవి కోసుకుంటున్నాం!”

మార్లా వచ్చి చేపను చూసింది, గుంపును చూసింది. “ఎవరిది?”

పెల్కీ ఏటి అవతలి చెట్లవైపు చూస్తున్నాడు. అతని చొక్కాచేతికి ఎర్రటి చేపగుడ్డు ఒకటి అంటుకుని ఉంది. ఐవర్ దాన్ని చూశాడు. ఆ పేరు పలికితే నోరు పుక్కిలించుకోవాల్సి వస్తుందనిపించింది. “దొడ్డిలో దొరికింది,” అని ఊరుకున్నాడు.

సెలవు మొదలయ్యాక, పనిబట్టలతోనే, బావమరిది పాత గాలంకర్ర పట్టుకుని ఏట్లోకి దిగాడు. ఎక్కడా సందు లేదు. మరుగుదొడ్ల దిగువన, గాలి వాసనను మోసుకొచ్చే మలుపులో మాత్రం ఒక మనిషి పట్టేంత చోటు వదిలేశారు. ఆ వాసన అతనికి కొత్త కాదు. అక్కడే నిలబడ్డాడు. ఎగువన రెండడుగుల దూరంలో పెల్కీ ఉన్నాడు, వెనక ఒడ్డున అతని ఖాళీ ఐస్‌పెట్టె దొర్లుతోంది.

“ఏమోయ్, దొడ్లు కడిగే చేత్తో గాలమేస్తే చేపలు ముక్కు మూసుకుంటాయి!” అన్నాడు పెల్కీ, గుంపంతా వినేటట్టు.

“దొడ్డిలో చేపలు పట్టడం ఎట్లాగో నువ్వు చెప్పు, నేర్చుకుంటా,” అన్నాడు ఐవర్.

చుట్టూ నవ్వులు పడ్డాయి. పెల్కీ నవ్వలేదు.

పొద్దు వాలుతోంది. చలికి ఐవర్ కాళ్ళు కొయ్యబారాయి. వేశాడు, లాగాడు, వేశాడు, లాగాడు. ఎథెల్ రేపు బల్ల దగ్గర కూర్చుని, మూత తీసి, లోపల కోడిని చూసి, ఒక్క మాటైనా అనకుండా పెట్టే మొహం అతని కళ్ళముందు కట్టింది. ఆ మొహం ఎదుట బెర్నిస్ ఏం చేస్తుందో కూడా తెలుసు. బంగాళాదుంపలు ఇంకా కావాలా అని అందరినీ అడుగుతుంది.

అప్పుడు కర్ర ఒంగింది.

“చేప పడింది!” అని ఎవరో అరిచారు. మా ఏటి మర్యాదల్లో మిగిలింది ఇదొక్కటే: ఆ కేక వినబడితే అటూ ఇటూ వాళ్ళు గాలాలు పైకి లాగేసి చోటిస్తారు. లాగేశారు. “కొస పైకెత్తు పెద్దాయనా!” “వదులు, వదులు, పరిగెత్తనీ!” “అబ్బే, ఆయనకు చీపురే అలవాటు!”

చేప ఏటికి అడ్డంగా పరిగెత్తింది, మునిగింది, తిరిగింది. ఐవర్ ఊపిరి ఈలలా వస్తోంది. చివరకు అది పక్కకు ఒరిగి, వెండిరేకులా మెరుస్తూ లోతు తక్కువ నీళ్ళలోకి వచ్చింది. అతను మోకాళ్ళమీద కూర్చున్నాడు. నోటిమూలనే గాలం ఉంది, ఇంకెక్కడా కాదు. ఎడమచేత్తో తోక మొదలు పట్టుకుని, కుడిచేతి బొటనవేలు వెన్నుమీద మెల్లగా జరిపాడు. రెక్క ఉండాల్సినచోట నున్నగా ఉంది. మానిపోయిన చిన్న మచ్చ మాత్రం తగిలింది.

ఇంటికి.

ఆ మాట లోపల అనుకుంటుండగానే ఎవరో రొమ్ముమీద చెత్తపీపా దించినట్టయింది. అరవాలనుకున్నాడు. గాలి చాలలేదు.

“ఏంటి ఐవర్, రెక్కుందా?” అని పెల్కీ అడిగాడు.

ఐవర్ తల ముందుకు వాలింది.

“ఉందట!” అన్నాడు పెల్కీ, గుంపువైపు తిరిగి. “అయ్యో పాపం, రెక్కుందట!”

జనం పగలబడి నవ్వారు. మోకాళ్ళమీద, తలవంచుకుని, రెండు చేతులూ నీళ్ళలో పెట్టుకుని ఉన్న మనిషిని చూసి మా ఏట్లో ఎవరూ కంగారుపడరు. కాసేపు మర్యాదగా ఆగారు. తరవాత గొణుగుడు మొదలైంది. “వదిలెయ్యవయ్యా, పేరు పెడుతున్నావా దానికి?” “ముద్దులయ్యాయా?” “అవతల పొద్దుగూకుతోందిరా బాబూ!” ఒకడు గాలం వేశాడు. మరొకడు వేశాడు. అతని తలమీదుగా దారాలు అటూ ఇటూ ఎగిరాయి. ఎవరి గాలమో వచ్చి అతని కోటు మెడపట్టీకి తగులుకుంది. ఆ గాలం మనిషి తిట్టుకుంటూ ఒకసారి లాగాడు, గట్టిగా మరోసారి లాగాడు. ఐవర్ తిట్టలేదు. తిరిగి చూడలేదు. లాగినవైపుకు ఒరిగి, నీళ్ళలో పక్కకు పడిపోయాడు.

మార్లా పరుగెత్తుకొచ్చి, గులకరాళ్ళమీదికి లాగించి, అతని రొమ్ము నొక్కింది. దగ్గరున్నవాళ్ళు టోపీలు తీశారు. కాస్త దూరంలో ఉన్నవాళ్ళు మెడలు చాపి చూసి, పొద్దు ఎంత మిగిలిందో కూడా చూసుకుని, గాలాలు వేస్తూనే ఉన్నారు. అంబులెన్సు వచ్చింది. మోసుకుపోవడానికి నలుగురు ముందుకొచ్చారు. ఆ నలుగురూ తిరిగొచ్చేసరికి వాళ్ళ చోట్లు నిండిపోయాయి. ఐవర్ చోటు అంతకుముందే నిండింది.

మార్లా అతని గాలంకర్ర నీళ్ళలోంచి తీసింది. దారం కత్తితో కోసినట్టు నున్నగా తెగి ఉంది.

“చేపేది?” అంది.

“వదిలేశాడుగా,” అన్నాడు పెల్కీ. “రెక్కున్నది. నేనే అడిగా, తలూపాడు. వీళ్ళంతా చూశారు.”

వాళ్ళంతా చూశారు. నిజమే, తల ఊపడం చూశారు. పెల్కీ ఐస్‌పెట్టెను రెండు చేతులతో ఎత్తుకుని, దానిమీద తడికోటు కప్పుకుని, పొద్దుగూకకముందే బండెక్కాడు. రోజంతా ఖాళీగా దొర్లిన ఆ పెట్టెను మోయడానికి అతను నడుం ఒంచాల్సివచ్చింది. అది కూడా అందరూ చూశారు.

బెర్నిస్‌కు మార్లాయే ఫోన్ చేసింది. చెప్పాల్సింది చెప్పాక, ఓదార్పుగా ఉంటుందని ఇంకొక మాట కలిపింది.

“చివర్లో ఒకటి పట్టారమ్మా. రెక్కున్నదట. వదిలేశారు.”

“ఆయనంతే,” అంది బెర్నిస్. “వదిలేసే ఉంటాడు.”

పొద్దు దిగింది. పలకమీద కాగితం మారింది, ఏరు మూసేశారు. బళ్ళు ఒకదానివెనక ఒకటి రోడ్డెక్కాయి. ఒడ్డున పేగులు, సీసాలు, తెగిన దారాలు మిగిలాయి. ఐవర్ నిలబడిన మలుపులో, నీటి అంచున, గులకరాళ్ళ మధ్య, అతను ఏట్లోకి దిగేముందు కోసుకున్న ఆల్డర్ చెట్టు కొమ్మ నిలబెట్టి ఉంది. చేపను మొప్పలో గుచ్చి ఇంటికి మోసుకుపోవడానికి మావాళ్ళు కోసుకునేలాంటి పంగకొమ్మ. చెయ్యి నొప్పిపెట్టకుండా బెరడు ఒలిచి, ఆకులు దూసి, పిడి నున్నగా చెక్కి ఉంది. దాని పంగకు ఎవరో తమ తడిమేజోడు ఆరేసి, మరిచిపోయారు.