రెండుసార్లు గుంజితే

మనిషి నడుముకూ తొడలకూ చుట్టుకుని బతికే సేఫ్టీ బెల్టును నేను. పుట్టింది ఏ దేశమో గుర్తు లేదు, సూది పోట్లు మాత్రం గుర్తున్నాయి. ఇసుక మూటలు కట్టి వేలాడదీసి, తెగనని నమ్మకం కుదిరాకే నన్ను ఓడ ఎక్కించారు.

దిగింది ఎడారి దేశంలో, ప్రపంచంలోని ఎత్తయిన మేడల్లో ఒకదాని దగ్గర. కింద ఎండ కాస్తుంటే పై అంతస్తులు పొగమంచులో మునిగి ఉండేవి. అంత ఎత్తు కట్టినా మనుషులకు తనివి తీరలేదు. నెత్తిన ఒక ఇనుప మొన నిలబెట్టారు. అందులో ఎవరూ ఉండరు. దాన్ని కూడా కలుపుకునే తమ మేడ ఇంత ఎత్తని చెప్పుకుంటారు.

నన్ను మొదట కట్టుకున్నవాడు నా లోపలి పట్టీ మీద సిరాతో తన పేరు రాసుకున్నాడు, ఏదో పరాయి లిపిలో. ఒక రోజు నన్ను విప్పి కొక్కేనికి తగిలించి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఏమయ్యాడని ఎవరూ అడగలేదు. నన్ను ఉతికి తరవాతి మనిషికిచ్చారు.

ఆ మనిషి లింబాద్రి, నిజామాబాద్ దగ్గరి పల్లెవాడు. తాడు మీద వేలాడుతూ మేడ అద్దాలు తుడిచేవాడు. పైన గట్టు మీద పోశెట్టి అతని తాడు చూసుకునేవాడు. గాలి హోరులో మాట వినపడదు కాబట్టి వాళ్ళకు తాడే మాట. పైవాడు రెండుసార్లు గుంజితే ‘ఉన్నవా?’ అని. కిందివాడు తిరిగి రెండుసార్లు గుంజితే ‘ఉన్న’ అని. ఒక్కసారే పొడుగ్గా గుంజితే ‘నన్ను పైకి లాగు’ అని.

ఒక పొద్దున మంచు ఎంత కమ్మిందంటే లింబాద్రికి తన కాళ్ళే కనిపించలేదు. తాడు రెండుసార్లు కదిలింది. అలవాటుగా జవాబిచ్చాడు. మళ్ళీ రెండుసార్లు. అప్పుడు నా పట్టీలు కిందికి బిగిశాయి. ఆ గుంజు పైనుంచి కాదు, అతని కాళ్ళ కింద వేలాడే ఖాళీ తాడు నుంచి వస్తోంది.

పైకెక్కాక ఆ సంగతి పోశెట్టికి చెప్పాడు.

“అడిగిండు, చెప్పినవ్. గంతే,” అన్నాడు పోశెట్టి.

“ఎవలడిగిండ్రన్నా?”

“నాకేమెర్క? గంత ఎత్తు కట్టినోళ్ళను అడుగు పో.”

ఆ నెలలోనే లింబాద్రి ఇంటిదారి పట్టాడు. పాతబడ్డ బెల్టును కోసి పారేయడం అక్కడి పద్ధతి. ఇన్నాళ్ళు మోసిన దాన్ని కోయబుద్ధి కాక, బతిమాలి నన్ను పెట్టెలో పెట్టుకున్నాడు.

హైదరాబాదులో మళ్ళీ అద్దాల మేడల పనే దొరికింది. కాపురం మాత్రం మూడంతస్తుల డాబా మీది ఒంటి గదిలో. డాబాకు పిట్టగోడ లేదు. భార్య రవళికి కంటి మీద కునుకు లేదు. బిడ్డ నిధికి అప్పుడే నడక వచ్చింది. కాస్త కన్ను మూతపడ్డా రవళి చెయ్యి బిడ్డ పాదాల కోసం తడుముకునేది. ఒకరోజు పెట్టెలో నన్ను చూసింది. పట్టీలు మడతలేసి కుట్టి నన్ను బిడ్డకు తొడిగింది. నాకు ఒక తాడు తగిలించి మంచం కోడుకు కట్టి, డాబా అంచుకు ముందే ఆగేలా కొలుచుకుంది.

ఓనరమ్మ చూసి నవ్వింది. “బిడ్డనా, లేగదూడనా?”

“దూడ అయితే ఇడిచిపెడుదునమ్మా. గోడ కట్టియ్యుండ్రి, గా పొద్దే ఇప్పుత.”

రెండు గుంజుల మాటను లింబాద్రి వాళ్ళకు ఆటగా నేర్పాడు. మంచు సంగతి చెప్పలేదు. రవళి పొయ్యి దగ్గర నుంచే రెండుసార్లు తాడు గుంజేది. బయట నుంచి బుజ్జి పిడికిలి జవాబిస్తే ఆమెకు ఊపిరి ఆడేది.

చలికాలం ఒక పొద్దున లింబాద్రి పనికి వెళ్ళాడు. బిడ్డ దుప్పట్లో నిద్రపోతోంది. ఉతికి ఆరేసిన నేను బయట డాబా అంచు దగ్గర పడి ఉన్నాను. నా తాడు మంచం కోడుకే ఉంది. అంతా మంచు. రవళి మంచానికి వీపు పెట్టి ఉల్లిగడ్డ కోస్తోంది.

మంచం రెండుసార్లు కిర్రుమంది.

ఆమె చెయ్యి తాడు దాకా వెళ్ళి ఆగిపోయింది. బిడ్డ పడుకునే ఉంది కదా. బెల్టు ఖాళీ. కుక్క లాగుతుందేమో అనుకుంది. జవాబివ్వలేదు.

మళ్ళీ రెండుసార్లు. ఈసారి మంచమే జరిగింది. నాలో ఎవరూ లేరు. అయినా బరువు ఉంది. పసిబిడ్డ బరువు కాదు, నిండు మనిషి బరువు. ఆ లెక్కలో నేను పొరబడను.

రవళి దుప్పటి ఎత్తింది. కింద దిండు. తలుపు ఓరగా తెరిచి ఉంది.

బయట ఏమీ కనిపించలేదు. తాడును చేత్తో తడుముకుంటూ అది పోయిన వైపే పోయింది. తాడు చివర నేను. నా అవతల అంచు మీద కూర్చుని, నా పట్టీ ఒకటి పిడికిట్లో పట్టుకుని, కిందికి తొంగి చూస్తున్న నిధి. రవళి అరవలేదు. మెల్లగా వెనకనుంచి వంగి బిడ్డను వాటేసుకుంది. నాలోని బరువు జారిపోయింది.

“మామ,” అంది నిధి, కిందికి వేలు చూపిస్తూ.

సాయంత్రం అంతా విన్నాక లింబాద్రి తన మంచు కథ చెప్పి, నన్ను కోయడానికి కత్తి తీశాడు. రవళి చెయ్యి అడ్డం పెట్టింది.

“కొయ్యకు. ఆయన ఎవలోగానీ నా బిడ్డను పట్టుకున్నడు.”

“పట్టుకున్నడో, పిలిచిండో.”

“ఏదైతే ఏంది. నన్నైతే అడిగిండు గదా.”

ఆ వారమే లింబాద్రి ఇటుకలు తెచ్చి గోడ కట్టాడు. ఓనరమ్మ దాని పక్కన నిలబడి ఫోటో దిగింది.

ఇప్పుడు నేను తలుపు పక్కన మేకుకు వేలాడుతున్నాను. నిధి బడికి పోతోంది. మంచు కమ్మిన రోజు మేకు రెండుసార్లు కిర్రుమంటుంది. రవళి చెయ్యి చాపి నన్ను రెండుసార్లు గుంజి, “ఉన్నం” అంటుంది.

మొన్న మాత్రం అంతటితో ఊరుకోలేదు. “నువ్వు ఉన్నవా మరి?” అంటూ మళ్ళీ రెండుసార్లు గుంజింది.

చాలాసేపు ఏమీ కదలలేదు. తరవాత నా లోపల ఆ పరాయి లిపి పేరున్న పట్టీ బిగిసింది. ఒక్కసారే, పొడుగ్గా.

రవళి నవ్వుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. దాని అర్థం లింబాద్రి ఆమెకు నేర్పలేదు.